కెమెరా కబుర్లు: కూల్చకముందే ఒక ఫోటో

బాలలూ! పాత కట్టడాన్ని ఫోటో తీయమంటే మనకు వెంటనే చార్మినారో, వేయిస్తంభాల గుడో గుర్తుకు వస్తుంది. ఈ నెల మిమ్మల్ని రామగుండం తీసుకుపోతాను. అక్కడ బొగ్గూ మసీ తప్ప ఏముంది అంటారా? చూద్దాం రండి.

రామగుండంలో ప్రభుత్వం వారి ‘బి’ థర్మల్ కేంద్రం 1971లో కరెంటు ఇవ్వటం మొదలుపెట్టింది. దాని శక్తి 62.5 మెగావాట్లు. యాభై ఏళ్ళకు పైగా పనిచేసి 2024లో ఆగిపోయింది. ఆ చోట 800 మెగావాట్ల కొత్త కేంద్రం కట్టాలని తలపెట్టారు. కొత్తది రావాలంటే పాతది పోవాలి గదా! తాత పనిచేసిన చోటు ఎలా ఉండేదని రేపు ఎవరైనా అడిగితే, చేత్తో గాలిలో గీసి చూపాలా?

అలాంటి కట్టడంలో నగిషీలు ఉండవు. బాయిలరు ఎంత ఎత్తో, గోడ అంత ఎత్తు. పొగ ఎంత పైకి పోవాలో, గొట్టం అంత పొడవు. పనిని బట్టి రూపం. ఇరవయ్యో శతాబ్దపు ఆధునిక వాస్తుశిల్పులు మెచ్చుకున్నది సరిగ్గా దీన్నే.

జర్మనీలో బెర్న్‌డ్ బెహర్ అనే చిత్రకారుడు ఉండేవాడు. ఆయన తన ఊరి దగ్గరి గనిని కాగితంమీద గీస్తూంటే, కూల్చేవాళ్ళు ఆయన పెన్సిలుకంటె వేగంగా కూల్చేస్తున్నారు. అందుచేత కెమెరా పట్టుకున్నాడు. 1959 మొదలు ఆయనా, భార్య హిల్లా కలిసి గనుల గోపురాలూ, నీళ్ళ ట్యాంకులూ దాదాపు యాభై ఏళ్ళపాటు ఫోటోలు తీశారు. డోర్ట్‌మండ్‌లో త్సోలెర్న్ అనే బొగ్గుగని ఉంది. దాని యంత్రశాలను కూల్చబోతూంటే జనం అడ్డుపడ్డారు. 1969లో దానికి రక్షణ దొరికింది. ఇప్పుడు అది మ్యూజియం!

వారి పద్ధతి మీరూ పాటించవచ్చు. మబ్బు పట్టిన రోజున తీసేవారు. ఎండలో నల్లటి నీడలు పడి, సగం గోడ కనపడదు. కట్టడానికి ఎదురుగా, కెమెరాను నిటారుగా పట్టేవారు. కెమెరాను పైకి ఎత్తి తీస్తే ఏమవుతుందో తెలుసా? రైలు పట్టాలు దూరం పోయేకొద్దీ దగ్గరైనట్టు కనిపిస్తాయి గదా, అలాగే గోడలు పైన దగ్గరై, మేడ వెనక్కు పడిపోతున్నట్టు కనిపిస్తుంది. దూరంగా జరగండి. లేదా ఎదురింటి వారిని అడిగి, వారి డాబా ఎక్కండి.

అయితే ఒక మాట. గోడ దూకి కర్మాగారంలోకి గాని, మూసిన గని దగ్గరికి గాని పోకూడదు. పాత గనిలో విషవాయువు ఉంటుంది, కప్పు కూలుతుంది. ఫోటో తీయరాదని బోర్డు ఉన్నచోట కెమెరా తీయనే వద్దు. ఎక్కడైనా సరే, పెద్దవాళ్ళను వెంటబెట్టుకుని వెళ్ళండి.

గోదావరిఖని పిల్లలకు అంత దూరం అక్కరలేదు. 1960 ప్రాంతంలో సింగరేణి కంపెనీ అక్కడ బొగ్గు తవ్వటం మొదలుపెట్టాక ఊరు పెరిగింది. నేలలోకి ఏటవాలుగా దిగే గనిదారిని ఇంక్లయిన్ అంటారు. ఎనిమిదో ఇంక్లయిన్ కాలనీ అని బాయి పేరే కాలనీకి పెట్టుకున్నారు! కార్మికుల క్వార్టర్లు మొదట అచ్చుపోసినట్టు ఒకేలా కడతారు. మీ వరుసలో పది ఇళ్ళ ముందు, ఇంటివారిని అడిగి, అన్నింటినీ ఒకే దూరాన నిలబడి తీయండి. పక్కపక్కన పేర్చండి. ఒకరు మల్లెపందిరి వేసి ఉంటారు, ఒకరు రేకుల వసారా దించి ఉంటారు, ఒకరు తలుపుకు నీలిరంగు పూసి ఉంటారు. విడివిడిగా చూసినప్పుడు ఇవేవీ కంటికి ఆనవు.

ఫోన్‌తో తీసినా సరే, ఒక్కటైనా కాగితంమీద అచ్చు వేయించి వెనక తేదీ, చోటు, మీరు నిలబడిన స్థలం రాయండి. ఒక ఫోటోలో మాత్రం గోడ పక్కన తాతయ్యను నిలబెట్టండి. ఆయనను బట్టి గోడ ఎత్తు తెలుస్తుంది. తెల్ల చొక్కా వేసుకు వస్తానంటారు. వేసుకోనివ్వండి.