చక్రాల మీద కాపురం

అమెరికాలోని అరిజోనా ఎడారిలో క్వార్ట్‌జ్‌సైట్ అనే చిన్న ఊరుంది. చలికాలం వస్తే చాలు, ఇల్లంత వాహనాలు వేసుకుని వేలాది మంది అక్కడ వాలిపోతారు. కరెంటు లైను ఉండదు, కుళాయి ఉండదు. పైకప్పు మీద సోలార్ పలకలు, కింద నీళ్ల ట్యాంకు, వెనకాల మంచం. ఎడారిలోని ప్రభుత్వ భూముల్లో చాలాచోట్ల 14 రోజులు పైసా కట్టకుండా మకాం వేయొచ్చు. ఈ సంచారుల కథతో తీసిన నోమాడ్‌ల్యాండ్ 2021లో ఉత్తమ చిత్రంగా ఆస్కార్ కూడా గెలుచుకుంది.

కోల్‌కతాలోని మెటియాబ్రుజ్ పరిసరాల్లోనూ బండిలోనే కాపురం చేసేవాళ్లున్నారు. కాకపోతే వాళ్లెవరూ సెలవులు గడపడానికి వచ్చినవాళ్లు కాదు. పక్కనే ఖిదిర్‌పూర్, నేతాజీ సుభాష్ డాక్‌లు. సముద్రానికి 200 కిలోమీటర్లకు పైగా ఎగువన, నది మీద ఉన్న రేవు ఇది. పోటు నీళ్లు చూసుకుని ఓడలు కదులుతాయి. ఓడ కోసం సరుకు, సరుకు కోసం లారీ ఆగుతాయి. విజయవాడ నుంచి 1,200 కిలోమీటర్లు దాటి వచ్చిన డ్రైవర్‌కు అన్‌లోడింగ్ ఒక పూట పని. రిటర్న్ లోడ్ దొరకడమే గగనం. ఒక్కోసారి రెండ్రోజులు, ఒక్కోసారి వారం. ఖాళీ బండితో వెనక్కి వెళితే డీజిల్ ఖర్చు ఎవరు భరిస్తారు?

ఆ వారం రోజులూ క్యాబినే ఇల్లు. సీటు వెనక బల్ల పడకగది. బాడీ కింద బిగించిన ప్లాస్టిక్ డ్రమ్ము నీళ్ల ట్యాంకు. పక్క పెట్టెలో చిన్న గ్యాస్ పొయ్యి, బియ్యం, కందిపప్పు, ఇంటినుంచి తెచ్చిన గోంగూర పచ్చడి సీసా. క్లీనర్ ఉంటే వంట అతనిది. ఇప్పుడు చాలా బండ్లకు క్లీనరే లేడు. వంట, కాపలా, నిద్ర మూడూ ఒక్కడివే. మూడూ ఒకేసారి కుదరవు కాబట్టి నిద్రకే కోత పడుతుంది. ఆదమరిస్తే ట్యాంకులో డీజిలో, పైనున్న టార్పాలినో మాయమవుతుంది.

హుగ్లీ నీటిని శుద్ధిచేసి దక్షిణ కోల్‌కతాకు పంపే పెద్ద ప్లాంటు ఇక్కడి గార్డెన్ రీచ్‌లోనే ఉంది. దాని పొరుగునే లారీ డ్రైవర్ బకెట్టు పట్టుకుని వీధి కుళాయి వెతుక్కుంటాడు. స్నానానికీ, మరుగుదొడ్డికీ చిల్లర దగ్గరుండాలి. కరెంటు సంగతీ అంతే. సెల్‌ఫోన్‌కు చార్జింగ్, చిన్న ఫ్యాను రెండూ బ్యాటరీ మీదే. రాత్రంతా ఫ్యాను తిరిగితే తెల్లారి సెల్ఫ్ అందుకోదు. మే నెల ఉక్కలో, దోమల మధ్య, ఫ్యాను ఆపాలా వద్దా అనేది మామూలు ప్రశ్న కాదు.

కొత్తగా తయారయ్యే భారీ లారీలకు ఏసీ క్యాబిన్ తప్పనిసరి చేశారు. మంచిదే. నడిచేటప్పుడు డ్రైవర్‌కు కునుకు పట్టదు, కోపం తగ్గుతుంది. అయితే బండి ఆగినప్పుడు ఏసీ నడవాలంటే సాధారణంగా ఇంజన్ కూడా నడవాలి. వారం రోజుల నిరీక్షణకు ఓనర్ డీజిల్ పోయిస్తాడా? జాతీయ రహదారుల వెంట డ్రైవర్ల కోసం మొదటి విడతగా 1,000 విశ్రాంతి భవనాలు కడతామని ప్రధాని 2024 ఫిబ్రవరిలో ప్రకటించారు. అవి దారి పొడవునా పనికొస్తాయి. దారి ముగిసిన చోట, రేవు గేటు ముందు, ఆ సౌకర్యం కావాలని ఎవరికీ తోచినట్టు లేదు. చాలామంది డ్రైవర్లకు లెక్క ట్రిప్పుకే. ఆగిన రోజుకు కూలి ఉండదు, బత్తా మాత్రం కరిగిపోతుంటుంది.

ఎదురుచూపులు ఈ ఊరికి కొత్త కాదు. మెటియాబ్రుజ్ అంటే మట్టి బురుజే. 1856లో ఇంగ్లీషువాళ్లు అవధ్‌ను లాక్కున్నాక నవాబు వాజిద్ అలీ షా లండన్ వెళ్లి రాణికి మొర పెట్టుకుందామని కోల్‌కతా చేరాడు. తాను ఆగిపోయి తల్లిని పంపాడు. ఆమె పని కాకుండానే తిరుగు ప్రయాణమై 1858లో పారిస్‌లో కన్నుమూసింది. నవాబు 1887లో చనిపోయేదాకా ఇక్కడే ఉండిపోయాడు. ఆయనకు పెన్షనుంది, వంటవాళ్లున్నారు, సొంత జంతుప్రదర్శనశాల కూడా ఉంది.

లారీ డ్రైవర్‌కు ఉన్నది బ్రోకర్ ఫోన్ నంబరు. పగటిపూట నగరంలో సరుకు లారీల మీద ఆంక్షలుంటాయి గనక కబురు వచ్చినా కదలడం రాత్రికే. పొయ్యి మీద అన్నం సగం ఉడికి ఉంటే గిన్నె దించి, డ్రమ్ము మూత బిగించి, ముందు బ్యాటరీ వైపు చూస్తాడు.