మోకాలు నొప్పి అంటే తుంటి చూడండి

బడి నుంచి పిల్లవాడు కుంటుతూ ఇంటికొస్తే పెద్దలకు ముందు తోచేది ఆటలో తగిలిన దెబ్బ. మోకాలు నొప్పి అంటే అక్కడే నూనె రాస్తారు, బెణికిందని కట్టు కట్టిస్తారు. ఆస్పత్రికి వెళ్తే మోకాలికే ఎక్స్‌రే తీస్తారు. అందులో ఏమీ కనిపించదు. ఎదిగే వయసు నొప్పులేనని పంపేస్తారు. ఈలోగా తుంటిలో తొడ ఎముక తలకూ మెడకూ మధ్య ఉండే ఎదుగుదల పలక దగ్గర ఎముక జారుతూనే ఉంటుంది. తుంటికీ మోకాలికీ ఒకే నరం శాఖలు వెళ్తాయి కాబట్టి రోగం ఒకచోట, నొప్పి మరోచోట. స్లిప్డ్ క్యాపిటల్ ఫీమరల్ ఎపిఫిసిస్ అనే ఈ జబ్బును మన ప్రజారోగ్య వ్యవస్థ వెతకడం లేదు, లెక్కపెట్టడం లేదు. ఈ రెండు పనులూ ఇప్పుడే మొదలుపెట్టాలి.

భారతీయ పిల్లల్లో ఇది అరుదన్న ధీమా 1996 నాటి ఒక అంతర్జాతీయ అధ్యయనంతో బలపడింది. ఆరు ఖండాల్లోని 33 కేంద్రాల నుంచి 1,630 మంది పిల్లల వివరాలు సేకరించిన ఆ అధ్యయనం, తెల్లజాతి పిల్లలతో పోలిస్తే పాలినేషియన్లలో ఈ జబ్బు నాలుగున్నర రెట్లు ఎక్కువనీ, భారత ఉపఖండంతో కూడిన వర్గంలో పదో వంతేననీ అంచనా వేసింది. అయితే అది ఆస్పత్రికి చేరి, రోగం తేలిన పిల్లల లెక్క. నూనె మర్దన దగ్గరే ఆగిపోయిన పిల్లలు అందులోకి ఎలా వస్తారు? పైగా ఆ అంచనాకు ముప్పై ఏళ్లు నిండుతున్నాయి.

ఇరవై ఏళ్లలో ఎంత మారుతుందో స్కాట్లండ్ చూపించింది. అక్కడ 1981లో లక్ష మంది పిల్లలకు 3.78గా ఉన్న కేసులు 2000 నాటికి 9.66కు పెరిగాయి. ఆ కాలంలో మారింది పిల్లల జన్యువులు కాదు, బరువు. సుమారు 6 లక్షల మంది స్కాట్లండ్ పిల్లల రికార్డులతో 2018లో వెలువడిన పరిశోధన దీన్ని బలపరిచింది. 5-6 ఏళ్లకే తీవ్ర ఊబకాయం ఉన్నవారికి ముప్పు సాధారణ బరువున్న పిల్లలకంటే దాదాపు ఆరు రెట్లు. 11-12 ఏళ్లకు అలా ఉంటే 17 రెట్లు. జపాన్‌లోనూ 1970లతో పోలిస్తే 1990ల చివరికి కేసులు బాగా పెరిగాయి.

ఇక మన సంగతి. అయిదేళ్లలోపు పిల్లల్లో అధిక బరువున్నవారు జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాలుగో విడతలో 2.1 శాతం, అయిదో విడతలో 3.4 శాతం. 2016-18 జాతీయ పోషకాహార సర్వేలో 10-19 ఏళ్లవారిలో సుమారు 5 శాతం. ఈ శాతాల వెనక లక్షల మంది ఉన్నారు. బక్కపిల్లలకు రాదనీ అనుకోరాదు. థైరాయిడ్ లోపం, మూత్రపిండాల జబ్బు కూడా ఎదుగుదల పలకను బలహీనపరుస్తాయి. వేలూరు వైద్యులు 2013లో ప్రచురించిన 15 కేసుల్లో ఈ జబ్బుకు విటమిన్ డి లోపం తోడైంది. మన పిల్లల్లో ఆ లోపం ఎంత విస్తారమో అందరికీ తెలిసిందే.

జాప్యానికి మూల్యం భయంకరం. పిల్లవాడు నడవగలిగిన దశలో పట్టుకుంటే సాధారణంగా ఒక్క స్క్రూతో జారుడు ఆగుతుంది. ఒకనాడు హఠాత్తుగా పూర్తిగా జారి, కర్రల సాయంతోనూ అడుగు వేయలేని స్థితి వస్తే ఎముక తలకు రక్తం అందక అది చచ్చుబడే ప్రమాదం ఉంది. 1993లో అమెరికాలో పరిశీలించిన 55 తుంట్లలో ఈ స్థితికి చేరినవి 30. వాటిలో 14 చచ్చుబడ్డాయి. మిగిలిన 25లో ఒక్కటీ పోలేదు. మోకాలి ఎక్స్‌రేతో సరిపెట్టిన ప్రతి వారమూ పిల్లవాణ్ణి ఆ 25 నుంచి ఈ 30 వైపు నెడుతుంది. యవ్వనం దాటకముందే తుంటి మార్పిడి చేయించుకోవాల్సిన బతుకును మన ఏమరుపాటు వల్ల ఏ బిడ్డకూ అంటగట్టే హక్కు ఎవరికీ లేదు.

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాలు ఏటా బడులకు వెళ్తున్నాయి. వారు వెతికే జబ్బుల జాబితాలో పుట్టుకతో వచ్చే తుంటి లోపం ఉంది, ఇది లేదు. వెంటనే చేర్చాలి. బడిలో ప్రతి ఒక్కరినీ పరీక్షించమని మేం కోరడం లేదు. కుంటేవారిని, తొడ, గజ్జ, మోకాలు నొప్పి అనేవారిని పడుకోబెట్టి, కాలు పొట్టవైపు నెమ్మదిగా మడిచి చూడాలి. తొడ దానంతటదే బయటికి తిరిగిపోతే అనుమానించాలి. దానికి పరికరం అక్కర్లేదు, నిమిషం చాలు. పైగా ఆ బృందాలు వెళ్లేది ప్రభుత్వ, ఎయిడెడ్ బడులకే. బరువెక్కిన పిల్లలు ఎక్కువగా కనిపించే పట్టణ ప్రైవేటు బడులనూ, వాటి హాస్టళ్లనూ ఈ పరిధిలోకి తేవాలి.

ఏరియా ఆస్పత్రులకు స్పష్టమైన ఆదేశం కావాలి. ఎదిగే వయసు పిల్లల మోకాలి నొప్పికి కారణం దొరకనప్పుడు రెండు తుంట్లకూ, ముందు నుంచీ పక్క నుంచీ ఎక్స్‌రే తీయాలి. తొలిదశ జారుడు ముందు నుంచి తీసిన చిత్రంలో కనపడకపోవచ్చు. రోగం తేలిన క్షణం నుంచి పిల్లవాణ్ణి నడిపించకుండా అదే రోజు ఎముకల శస్త్రవైద్యుడి దగ్గరికి పంపాలి. బరువు తగ్గమని చెప్పి ఇంటికి పంపడం వైద్యం కాదు. ఒకవైపు జారినవారిలో చాలామందికి, ఎక్కువగా ఏడాదిన్నరలోపే, రెండోవైపూ జారుతుంది కాబట్టి ఎదుగుదల ఆగేదాకా పిలిచి చూడాలి. స్వీడన్ ఇలాంటి ప్రతి కేసునూ జాతీయ రిజిస్టర్‌లో నమోదు చేస్తోంది. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వాలు తమ బోధనాస్పత్రుల ఎముకల విభాగాలతోనైనా ఆ పని మొదలుపెట్టి, వయసు, బరువు, విటమిన్ డి స్థాయి, నొప్పి మొదలైన నాటికీ రోగం తేలిన నాటికీ మధ్య గడిచిన రోజులు ఏటా ప్రకటించాలి.