‘ఇంత చిన్న విషయం కూడా రాదా?’

బాగా తెలిసినవాళ్లు బాగా చెబుతారని మనందరికీ ఒక నమ్మకం. ఆ నమ్మకం వల్లే, చెప్పింది బుర్రకెక్కకపోతే తప్పంతా వినేవాళ్ల నెత్తిన పడుతుంది. “ఎన్నిసార్లు చెప్పాలి నీకు?” “ఇంత చిన్న విషయం కూడా రాదా?” “బుర్రలో ఏముంది, మట్టా?” ఈ మాటలు పడకుండా పెరిగిన ఆడపిల్ల మన వైపు ఒక్కతైనా ఉందంటే నేను నమ్మను. చిన్నప్పుడు లెక్కల దగ్గర, పెళ్లయ్యాక పొయ్యి దగ్గర, స్కూటీ నేర్చుకునేటప్పుడు కాలవగట్టు మీద, ఈ వయసులో ఫోను దగ్గర. అనే మనుషులు మారతారు గానీ మాట మారదు.

నేననేది ఒక్కటే. చాలాసార్లు ఆ తప్పు వినేవాళ్లది కాదు, చెప్పేవాళ్లది. అదీ వాళ్లకి తెలియక కాదు, మరీ బాగా తెలిసిపోవడం వల్ల.

పనసపొట్టు కూరనే తీసుకోండి. మన కోనసీమ పెళ్లిభోజనాల్లో అది లేకపోతే వియ్యాలవారు మూతి ముడుస్తారు. కొత్త కోడలికి అత్తగారు ఆ కూర ఎలా చెబుతారు? “ఏముందే, పొట్టు ఉడకబెట్టి వార్చుకో, పోపులో వేసి చింతపండు పులుసు పొయ్యి, ఆవ పెట్టెయ్యి. అంతే.” ఆ పిల్ల చెప్పింది చెప్పినట్టే చేస్తుంది. కూర చేదు! ఎందుకంటే ఆవ పెట్టేది కూర దించి వేడి తగ్గాక. పొయ్యి మీద ఉండగా కలిపితే ఆవ చేదెక్కుతుంది. ‘దించాక’ అనే ఒక్క మాట అత్తగారి నోట రాలేదు. కావాలని దాచిందా? లేదు పాపం. ముప్పై ఏళ్లుగా ఆవిడ చెయ్యి దించాకే పెడుతోంది. అది విడిగా చెప్పాల్సిన సంగతి అని ఆవిడకి తోచనే లేదు. కానీ విస్తరి దగ్గర మాట పడింది ఎవరికి? కోడలికి.

పోపు అన్నది కూడా అంతే. పాతికేళ్లుగా వంట చేస్తున్నవాళ్లకి పోపంటే ఒక్క మాట, ఒక్క పని. కొత్తగా పొయ్యి దగ్గర నిలబడ్డ పిల్లకి అది పది పనులు. నూనె ఎంత? కాగిందని ఎలా తెలుస్తుంది? పప్పులు ముందా, ఆవాలు ముందా? ఇంగువ ఎప్పుడు? కరివేపాకు వేస్తే చిమ్ముతుంది, మూత ఏది? ఇన్నీ ఒక్కసారిగా బుర్రలో పట్టుకుని నిలబడాలి. కొత్త విషయాలు మనిషి మనసులో ఒకేసారి నాలుగైదుకు మించి నిలవవు. అది ఆ పిల్ల లోపం కాదు, మనిషి పుట్టుకే అంత. అనుభవం ఉన్నవాళ్లు తెలివైనవాళ్లు కాబట్టి ఎక్కువ మొయ్యడం లేదు. పదింటినీ కలిపి ఒక్క మూట కట్టేసుకున్నారు. ఆ మూటని విప్పకుండా అవతలివాళ్ల నెత్తిన పెట్టి, “మొయ్యలేవా?” అంటారు.

దీన్ని పరీక్ష చేసి చూసినవాళ్లు కూడా ఉన్నారు. 1990లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఎలిజబెత్ న్యూటన్ అనే పరిశోధక విద్యార్థిని ఒక సరదా ప్రయోగం చేసింది. కొందరిని అందరికీ తెలిసిన పాటల్ని బల్ల మీద వేళ్లతో దరువు వెయ్యమంది. నోటితో పాడకూడదు. ఎదుటివాళ్లు ఆ దరువు విని పాటేమిటో చెప్పాలి. సగం మంది గుర్తుపడతారులే అనుకున్నారు దరువు వేసినవాళ్లు. తీరా చూస్తే 120 పాటల్లో గుర్తుపట్టినవి 3. దరువు వేసేవాళ్లకి లోపల పాట మొత్తం వినిపిస్తోంది మరి. ఎదుటివాళ్లకి వినిపించేది టక టక టక. “ఇంత తేలికైన పాట కూడా పోల్చుకోలేదేమిటి!” అని దరువు వేసేవాళ్లకి ఆశ్చర్యం. అత్తగారి ‘అంతే’లో కూడా పాట ఆవిడ లోపలే ఉండిపోయింది. కోడలికి దరువు ఒక్కటే వినిపించింది.

మన ఆత్రేయపురం పూతరేకులు చూడండి. 2023లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది వాటికి. బోర్లించిన కుండ, కింద మంట, పల్చటి బియ్యప్పిండి నీళ్లలో ముంచిన గుడ్డ. ఆ గుడ్డని కుండ మీద ఒక్కసారి పరిచి లాగితే ఉల్లిపొర లాంటి రేకు. కుండ ఎంత వేడెక్కాలండీ అంటే, “చూస్తే తెలుస్తుంది” అనే వస్తుంది జవాబు. పిండి ఎంత పల్చన అంటే, “చేతికి తెలుస్తుంది.” అది గర్వమూ కాదు, గుట్టూ కాదు. ఆ విద్య నిజంగానే చేతిలో ఉంది, నోటి దాకా రాలేదు. కాబట్టే ఆ పని మాటలతో రాదు. పక్కన కూర్చోవాలి, గుడ్డ తన చేత్తో పట్టుకోవాలి, కాసిని రేకులు చిరగాలి, కాసిని మాడాలి. రేకు చిరిగిందని తిట్టేవాళ్ల దగ్గర ఏ పిల్లా ఆ పని నేర్చుకోలేదు.

ఇది ఆడవాళ్ల వంటింటి గొడవే అనుకునేరు. మహా పండితుల దగ్గరా ఇదే తంతు. బీయే తెలుగు చదివిన నాలాంటివాళ్లకి చిన్నయసూరి ‘బాలవ్యాకరణం’ తెలియకుండా ఉండదు. 1858 నాటి పుస్తకం. పేరులో బాల ఉంది. కానీ గురువు పక్కన ఉండి విప్పి చెప్పకుండా ఆ సూత్రాల్లో ఒక్కటి ఏ బాలుడికి, ఏ బాలికకి అర్థమవుతుందో చెప్పండి! సూరి గారి పాండిత్యానికి నేను వంక పెట్టడం లేదు. అంత పాండిత్యం ఉన్నాయనకి అది పిల్లలకి సరిపడేంత తేలికగానే కనిపించి ఉంటుంది. నేను చెప్పేదీ అదే.

ఆ తరవాత తెలుగునేల మీద జరిగిన పెద్ద యుద్ధం ఇదే. బడిపిల్లలకి పుస్తకాల భాష గ్రాంథికంలో ఉండాలా, ఇంట్లో మాట్లాడుకునే తెలుగులో ఉండాలా అని. గ్రాంథికం వైపు నిలబడ్డ పెద్దల్లో ముందు వరసలో ఉన్నవారు మన ముక్తేశ్వరంలో పుట్టిన జయంతి రామయ్య పంతులు గారు. సామాన్యులు కారు, సూర్యరాయాంధ్ర నిఘంటువు వెనక ఉన్న మనిషి. వ్యవహారిక భాష వైపు నిలబడింది గిడుగు రామమూర్తి గారు, పర్లాకిమిడిలో బడిపంతులు. ఆయన పెద్దయ్యాక సవర భాష నేర్చుకున్నారు. అక్షరం ముక్క పుస్తకం లేని భాషని, సవర మనిషి దగ్గర కూర్చుని, మాట మాట పోగుచేసుకుని నేర్చుకుని, ఆ పిల్లల కోసం వాచకాలు రాశారు. నా మటుకు నాకు, గిడుగు వారి పట్టుదలకి మూలం అక్కడుంది అనిపిస్తుంది. తెలియని భాష ముందు తెల్లమొహం వేసుకుని కూర్చోవడం ఎలా ఉంటుందో ఆయనకి గుర్తుంది. నిఘంటువంతా నాలుక మీద ఉన్నవాళ్లకి అది గుర్తుండే అవకాశమే లేదు. ఈ రోజు నేను ఈ నాలుగు మాటలు ఇలా రాయగలుగుతున్నానంటే, మీరు ఆగకుండా చదవగలుగుతున్నారంటే, నేర్చుకునేవాడి కష్టం మర్చిపోని ఆ మాస్టారి చలవే. ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం చేసుకునేది ఆయన పుట్టినరోజునే.

సరే, చెప్పడం సరిగ్గానే చెప్పారనుకుందాం. అప్పుడు రెండో నింద మొదలవుతుంది. “నిన్ననే కదా చెప్పాను, అప్పుడే మర్చిపోయావా?”

మర్చిపోతారండీ. మనిషన్నాక మర్చిపోతాడు. 1885లోనే హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ అనే జర్మన్ ఆయన అర్థం లేని అక్షరాల ముక్కలు తనే కంఠతా పట్టి, ఎంతసేపటికి ఎంత పోతోందో లెక్క వేసుకున్నాడు. గంటలో సగానికి పైగా పోయింది. ఒక రోజుకి మూడింట రెండు వంతులు పోయింది. నిన్న చెప్పింది ఇవాళ గుర్తులేకపోవడం మందబుద్ధి కాదు, మామూలు బుద్ధి.

మరి నిలవాలంటే? మళ్లీ మళ్లీ చెప్పడం మందు కాదు. 2006లో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు విద్యార్థులకి ఒక పాఠం ఇచ్చి చూశారు. ఒక గుంపు నాలుగుసార్లు చదివింది. ఇంకో గుంపు ఒక్కసారి చదివి, పుస్తకం మూసి, మూడుసార్లు గుర్తున్నంత రాసింది. వారం తరవాత, చదివి ఊరుకున్నవాళ్లకి గుర్తున్నది నూటికి 40 వంతులు, మూసి రాసినవాళ్లకి 61. బయట్నుంచి లోపలికి పొయ్యడం కాదు, లోపల్నుంచి బయటికి తోడుకోవడం వల్ల నిలుస్తుందన్నమాట.

ఇది మన అగ్రహారాల్లో ఎప్పట్నుంచో ఉన్నదే. వేదం సంత చెప్పేటప్పుడు గురువు ఒకసారి అంటాడు, శిష్యుడు రెండుసార్లు అంటాడు. చెప్పేవాడి నోటికి ఒక వంతు పని, నేర్చుకునేవాడి నోటికి రెండు వంతులు. ఆ తరవాత వల్లె వెయ్యడం. ఆ పైన ఘనపాఠంలో పదాల్ని ముందుకీ వెనక్కీ తిప్పి తిప్పి చెప్పడం. ఆ చదువుని ఆడపిల్లలకీ, ఇతర కులాలకీ అందకుండా తలుపులు మూసుకున్నారు, అది వేరే పోట్లాట, దాన్ని నేను మర్చిపోలేదు. కానీ పద్ధతి చూడండి. మన అమ్మమ్మలు ఎక్కాలు వరసగా ఒప్పగించుకుని ఊరుకోకుండా, చేతిలో పని చూసుకుంటూ, “ఏడెనిమిదులు?” అని ఎడాపెడా అడిగేవారు చూశారా, అదీ ఇదే. వాళ్లెవరూ ప్రయోగాల గురించి చదవలేదు, కానీ చెప్పడం మానేసి అడగడం తెలుసు.

ఇప్పుడు మన ఇళ్లలో ఫోను పాఠం ఎలా ఉందో చూడండి. గ్యాస్ బుక్ చెయ్యడమో, కరెంటు బిల్లు కట్టడమో అమ్మ అడుగుతుంది. కొడుకు ఫోను లాక్కుంటాడు. టక టక నాలుగు నొక్కులు. “ఇదిగో, ఇంతేనమ్మా!” ఫోను తిరిగి చేతికొస్తుంది. ఇందులో నేర్చుకున్నదెవరు? వాడి వేలికి ఇంకోసారి సాధన అయింది. అమ్మ చూసింది అంతే. సినిమా చూస్తే డాన్సు వచ్చేస్తుందా? వచ్చే నెల మళ్లీ అడిగితే, “పోయిన నెలే కదా చూపించాను!” చూపించావు నాయనా, నేర్పలేదు. ఫోను అమ్మ చేతిలోనే ఉండనిచ్చి, నీ చేతులు కట్టుకుని కూర్చుంటే నేర్పినట్టు.

ఇదేదో నవ్వుకుని వదిలేసే విషయమైతే ఇంత రాయను. మా వీధిలో ఒక పిల్ల ఉంది. టెన్త్‌లో లెక్కలకి మంచి మార్కులు, ఇష్టపడి ఎంపీసీ తీసుకుంది. లెక్కల మాస్టారు గొప్ప చదువరి. బోర్డు మీద నాలుగు మెట్లు ఒకేసారి దాటి “ఇది మీకు తెలిసిందే” అనేవారట. ఒకరోజు లేచి అడిగింది. ఆయన చెప్పారు, మళ్లీ అలాగే. రెండోసారి అడిగితే, “ఇది కూడా రాకుండా ఎంపీసీ ఎందుకు తీసుకున్నావమ్మా?” అన్నారట. క్లాసంతా నవ్వింది. ఆ పిల్ల మూడోసారి అడగలేదు. దసరా సెలవులు దాటేసరికి సీఈసీకి మారిపోయింది. సీఈసీ తక్కువ చదువని నేననను. ఇష్టపడి తీసుకుంటే ఏ గ్రూపైనా మంచిదే. ఈ పిల్ల ఇష్టపడి మారలేదు. “నాకు లెక్కలు రావు ఆంటీ” అని పదహారేళ్లకే తీర్పు రాసేసుకుంది. ఆ నాలుగు మెట్లూ విడివిడిగా చెప్పి ఉంటే ఏమయ్యేదో ఎవరూ చూడరు. ఆయన మాత్రం గొప్ప మాస్టారుగానే ఉన్నారు.

“అయితే తెలిసినవాళ్లు చెప్పకూడదా, తెలియనివాళ్ల దగ్గర నేర్చుకోవాలా?” అని అడిగేవాళ్లుంటారు. అలా అనడం లేదు. తెలియనివాడు తప్పే చెబుతాడు. కానీ తెలియడం ఒక విద్య, చెప్పడం ఇంకో విద్య. మొదటిది వచ్చింది కదాని రెండోది కూడా వచ్చేసినట్టే అనుకోవడం దగ్గరే నా పేచీ. రెండూ వచ్చినవాళ్లూ ఉన్నారు. వాళ్ల దగ్గర ఒక గుర్తుంటుంది గమనించండి. మీరు తడబడితే వాళ్లు మీ మొహం చూడరు, తాము చెప్పిన మాట వెనక్కి తిరిగి చూసుకుంటారు. “ఆగు, ఇక్కడ నేనేదో వదిలేశాను” అంటారు. ఆ ఒక్క మాట అనగలిగినవాళ్లే గురువులు.

కాబట్టి ఇంట్లో ఎవరికైనా ఏదైనా చెప్పాల్సివస్తే, పని వాళ్ల చేత చేయించండి, మీ చేతులు వెనక్కి పెట్టుకోండి. ఒక్కసారికి రెండు మూడు సంగతులు చాలు, మిగతావి రేపు. “అర్థమైందా?” అని అడగొద్దు, మొహమాటానికైనా అవుననే అంటారు. “ఏదీ, నువ్వు చెప్పు” అనండి. ఏ మెట్టు దగ్గర ఆగారో అక్కడే మీరు దాటేసింది దొరుకుతుంది. మర్నాడు మళ్లీ చెప్పకండి, అడగండి. వాళ్లు కాసేపు తడుముకుంటే తడుముకోనివ్వండి. ఆ తడుముకోవడంలోనే నిలుస్తుంది.

నేర్చుకునే చోట ఉన్న మనకి చెప్పేది ఇంకా చిన్నది. ‘ఇంత చిన్న విషయం’ అని ఎవరైనా అంటే తల దించుకోవద్దు. ఆ విషయం వాళ్లకి చిన్నదయ్యేటప్పటికి ఎన్నేళ్లు పట్టిందో మెల్లిగా అడగండి. “మీకు వచ్చని తెలుసండీ. నాకు వచ్చేలా చెప్పండి” అనండి. మర్యాదగానే అనండి, కానీ అనండి.