సస్పెన్స్ రాస్తారా.. సంతకం ముందు చదవండి!

రుద్రవరం నుంచి ఆళ్లగడ్డకో, నంద్యాలకో బస్సులో డిగ్రీకి వెళ్లే కుర్రాడి దగ్గర మంచి కథ ఉండొచ్చు. నల్లమల పక్కనే ఉంది, ఎర్రచందనం దొంగల వార్తలు చదువుతూనే ఉంటాడు, బేలం గుహలు చూసే ఉంటాడు. మరి థ్రిల్లర్లు రాస్తూ బతకొచ్చా? గ్రూప్స్ కోచింగ్ మానేసి ఈ దారిలో దిగొచ్చా?

దారులు మారాయి

ఒకప్పుడు దారి సూటిగా ఉండేది. వారపత్రికలో సీరియల్, తర్వాత నవల, అక్కడి నుంచి అద్దె పుస్తకాల షాపు, అదృష్టం ఉంటే సినిమా. ఇప్పుడా మెట్లలో చాలా విరిగిపోయాయి. చందమామ ఆగిపోయింది. 2021లో విపుల, చతుర, బాలభారతం కూడా ఆగాయి. వాటి స్థానంలో ప్రతిలిపి లాంటి యాప్‌లు, ఆడియో కథలు, వెబ్ సిరీస్‌లు వచ్చాయి. కొత్తవాళ్లకు తలుపు తెరిచే ఉంది కానీ, ఆదాయానికి మాత్రం హామీ లేదు.

ఇద్దరు రచయితలు

పిల్లల్ని ఊపిరి బిగబట్టి చదివించినవారు దాసరి సుబ్రహ్మణ్యం. 1952లో చందమామలో చేరి యాభై ఏళ్లకు పైగా అక్కడే పనిచేశారు. 1954 నాటి ‘తోకచుక్క’తో మొదలుపెట్టి పన్నెండు సీరియల్స్ రాశారు. నెలజీతం ఉంది, లక్షల మంది పాఠకులున్నారు. కానీ సీరియల్ మీద ఆయన పేరుండేది కాదు. ఎవరు రాశారో చాలామందికి దశాబ్దాల తర్వాతే తెలిసింది.

పెద్దల వైపు చూస్తే యండమూరి వీరేంద్రనాథ్. ఆయన చార్టర్డ్ అకౌంటెంట్. ఆంధ్రా బ్యాంకులో ఉద్యోగం చేసి, ఆ తర్వాతే పూర్తికాలం రచయిత అయ్యారు. ఆంధ్రభూమి వారపత్రికలో ‘తులసిదళం’ సంచలనం. ‘అభిలాష’ 1983లో, ‘డబ్బు టు ది పవర్ ఆఫ్ డబ్బు’ ఆధారంగా ‘ఛాలెంజ్’ 1984లో సినిమాలయ్యాయి. ఆయన పేరే ఒక బ్రాండ్ అయింది.

ఇద్దరికీ ప్రతిభ ఉంది, ఇద్దరికీ ఉద్యోగమూ ఉంది. తేడా అంతా రచన మీద పేరు ఎవరిదన్న దగ్గరే వచ్చింది. ఈ రోజు యాప్‌కో, ప్రొడక్షన్ హౌస్‌కో రాసేవాళ్ల ముందున్న ప్రశ్న కూడా ఇదే.

చట్టం ఏమంటోంది?

* కథ రాసిన క్షణమే కాపీరైట్ మీది. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, చేయిస్తే వివాదంలో సాక్ష్యంగా పనికొస్తుంది. అయితే నోటితో చెప్పిన ఐడియాకు రక్షణ లేదు. ముందు రాయండి, తర్వాతే వినిపించండి.
* హక్కులు రాసిచ్చేటప్పుడు ఎన్నేళ్లో చెప్పకపోతే 1957 చట్టం ప్రకారం అయిదేళ్లు, ఎక్కడికో చెప్పకపోతే ఇండియా వరకే. ‘శాశ్వతంగా, ప్రపంచమంతటా’ అని ఉంటే ఆగి ఆలోచించండి.
* ఉద్యోగంలో భాగంగా రాస్తే, వేరే ఒప్పందం లేనప్పుడు సాధారణంగా యజమానే తొలి హక్కుదారు. పేరు వేస్తారా లేదా అన్నది చేరేముందే అడగండి.
* 2012 సవరణతో, సినిమాలో చేరిన రచనను థియేటర్ ప్రదర్శనకు బయట వాడుకుంటే వచ్చే రాయల్టీలో వాటాను రచయిత నుంచి రాయించుకోవడం కుదరదు.

ఇప్పుడేం చేయాలి?

ఉద్యోగ ప్రయత్నం ఆపొద్దు. రోజుకో గంట రాయండి. ఒకే ప్లాట్‌ను రెండుసార్లు రాసి చూడండి, ఒకసారి పదేళ్ల పిల్లలకు, ఒకసారి పెద్దలకు. పిల్లల కథలో ప్రమాదం ఉండాలి, రక్తపాతం అక్కర్లేదు. ప్రతి అధ్యాయం చివర ‘తర్వాత ఏమైంది?’ అనిపించడం ఇద్దరికీ అవసరమే. ఆడియోకైనా, వెబ్ సిరీస్‌కైనా అడిగేది ఆ పనితనమే.

పుస్తకం వచ్చాక కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారాలూ ఉన్నాయి. 35 ఏళ్లలోపు వారికి యువ పురస్కారం, పిల్లల రచనలకు బాల సాహిత్య పురస్కారం. ఒక్కోదానికి రూ.50 వేలు. గుర్తింపు పెద్దదే, కానీ ఆ డబ్బుతో ఇల్లు గడవదు.

అందుకే జీతం ఒక చేత్తో, కథ ఇంకో చేత్తో పట్టుకోండి. మొదటి ఒప్పందం వచ్చినప్పుడు మాత్రం అడ్వాన్స్ చూసి తొందరపడొద్దు. చివరి పేజీ దాకా చదివి, అప్పుడు సంతకం పెట్టండి.