మన పేరు మీది కాగితాలు ఎవరి బీరువాలో ఉన్నాయి?

పన్ను ఎగ్గొట్టారని, అరెస్టు చేస్తామని ఫోన్లో బెదిరించి డబ్బు గుంజే మోసాల ప్రస్తావన వస్తే చాలు, 'ఆడవాళ్లు అమాయకులు, అందుకే మోసపోతారు' అంటారు. ఈ మాట మనం ఒప్పుకోనక్కర్లేదు. 2016 అక్టోబరులో మహారాష్ట్రలోని మీరా రోడ్డు కాల్ సెంటర్లపై పోలీసులు దాడి చేసినప్పుడు, అమెరికా పన్నుల అధికారులమని చెప్పి అక్కడి వాళ్లను దోచుకుంటున్న సంగతి బయటపడింది. అంత చదువుకున్న దేశంలోనూ పారిన ఎత్తు ఇది. కనుక ఆలోచించాల్సింది తెలివి గురించి కాదు, భయం గురించి.

విజయవాడలో ఉంటున్న నాకూ ఈ మధ్య అలాంటి ఫోను వచ్చింది. నా పాన్ కార్డు మీద 3 లక్షల పన్ను బాకీ ఉందట. సాయంత్రంలోగా కట్టకపోతే పోలీసులొస్తారట. "ఫోను పెట్టెయ్యొద్దు, ఇంట్లో ఎవరికీ చెప్పొద్దు" అన్నాడు. నోటీసు నంబరు అడిగితే గొంతు పెంచాడు. నా జీతం, నా పన్ను లెక్క నాకు తెలుసు కనుక ఫోను పెట్టేశాను.

ఈ సంగతి సంఘంలో చెబితే ఒకామె, "నాకు బాకీ ఉందో లేదో నాకెట్లా తెలుస్తుందక్కా?" అంది. ఆమె అడిగిందే అసలు ప్రశ్న. మన డెల్టాలో పసుపు కుంకుమల కింద ఇచ్చిన పొలానికి కౌలు ఎంత వస్తుందో ఆ పొలం గల స్త్రీకే తెలియని ఇళ్లున్నాయి. వ్యాపార కుటుంబాల్లో భార్య పేరున రిటర్నులు వేస్తారు. ఆడిటరు చూపించిన చోట ఆమె సంతకం పెడుతుంది. ఆస్తి ఆమె పేరున, కాగితాలు ఆయన బీరువాలో. ఇక ఆమె ధైర్యంగా 'బాకీ లేదు' అని ఎట్లా అనగలదు?

'ఎవరికీ చెప్పొద్దు' అన్నదీ మనకు కొత్త కాదు. మొగుడు కొట్టినా, బస్సులో ఎవడైనా చెయ్యి వేసినా చెప్పొద్దనే నేర్పారు. మోసగాడికి ఆ పెంపకమే పెట్టుబడి.

చట్టం ఏమంటోందో చూద్దాం. ఫోన్లోనో వీడియోలోనో అరెస్టు చేయడమనేది లేదు. 2024 అక్టోబరు 27న ప్రధానమంత్రి రేడియోలో ఈ మాటే చెప్పారు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 43వ సెక్షన్ ప్రకారం చీకటిపడ్డాక, తెల్లవారకముందు స్త్రీని అరెస్టు చేయకూడదు. తప్పనిసరైతే మహిళా పోలీసు అధికారి లిఖితపూర్వకంగా మేజిస్ట్రేటు అనుమతి తీసుకోవాలి. ఆదాయపు పన్ను శాఖ నోటీసుల మీద గుర్తింపు సంఖ్య వేయాలన్న నియమం 2019 అక్టోబరు 1 నుంచి ఉంది. దాన్ని శాఖ వెబ్‌సైటులో సరిచూసుకోవచ్చు. డబ్బు పోతే వెంటనే 1930కి ఫోను చేయాలి. ఎంత ఆలస్యమైతే డబ్బు దొరికే అవకాశం అంత తగ్గుతుంది.

అయితే నంబరు గోడమీద రాసినంత మాత్రాన సరిపోదు. ఇంట్లో తిడతారనే భయంతో ఆ ఫోను చేయలేని స్త్రీకి తోడుగా స్టేషనుకు వెళ్లేవాళ్లు ప్రతి సంఘంలో ఇద్దరైనా ఉండాలి. వచ్చే సమావేశానికి ప్రతి ఒక్కరూ తమ పేరున ఉన్న పాసుపుస్తకం, బ్యాంకు పుస్తకం, పన్ను కాగితాలు అడిగి తెచ్చుకుని చదవాలి. అవి ఇవ్వని ఇళ్లు ఎన్నో కూడా అప్పుడే తేలుతుంది. మన పని అక్కణ్నించే మొదలుపెడదాం.