సూదిబెజ్జం ముందు ఆగిన నవ్వు

కిరాణా కొట్టులో చెల్లని చిరుగు నోటు చివరికి ఎక్కడికి చేరుతుందో పాస్టర్లందరికీ తెలుసు. ఆదివారం కానుకల సంచిలోకి! ఆరాధన ముగిశాక మా కోశాధికారి వాటిని ఒక్కొక్కటీ టేపుతో అతికిస్తుంటే మేమంతా నవ్వుకుంటాం. 2016 నవంబరు 8 రాత్రి 500, 1000 రూపాయల నోట్లు రద్దయ్యాయి. ఆ తరువాతి ఆదివారం మా సంఘంలో ఔదార్యం ఒక్కసారిగా పొంగింది. 2023 మే నెలలో 2000 నోటును ఉపసంహరిస్తున్నట్టు రిజర్వు బ్యాంకు ప్రకటించినప్పుడూ అంతే. అంతవరకు సంచి మొహం చూడని ఆ నోటు అప్పుడు దేవుణ్ణి జ్ఞాపకం చేసుకుంది.

డబ్బు దగ్గర మనిషి వేసే వేషాలు యేసుప్రభువుకు బాగా తెలుసు. ఆయన చెప్పిన ఉపమానంలోని ధనవంతుడు (లూకా 12:16-21) పంట పండగానే పనివాళ్లతో మాట్లాడడు, పొరుగువాళ్లతో మాట్లాడడు, దేవునితో అసలే మాట్లాడడు. తనతో తానే మాట్లాడుకుంటాడు. పెద్ద కొట్లు కట్టాలని, ఏళ్ల తరబడి తిని తాగి సుఖించాలని లెక్కలు వేస్తాడు. ఆ లెక్కలో తప్పిపోయింది ఒక్కటే, ఆ రాత్రి.

ధనవంతుడు దేవుని రాజ్యంలో ప్రవేశించడం కంటే ఒంటె సూదిబెజ్జంలో దూరడం తేలిక అన్నాడు ప్రభువు (లూకా 18:25). ఆ దేశంలో జనం రోజూ చూసే పెద్ద జంతువు ఒంటె. బబులోను యూదుల తల్మూదులో ఇలాంటి మాటే ఏనుగు గురించి ఉంది. మూపురంతో, పొడుగు కాళ్లతో ఒంటె సూదిలోకి తల దూర్చడం ఊహించుకుని విన్నవాళ్లు నవ్వే ఉంటారు.

మనం మాత్రం నవ్వకుండా వ్యాఖ్యానం వెతికాం. యెరూషలేములో 'సూదిబెజ్జం' అనే చిన్న ద్వారం ఉండేదని, ఒంటె బరువు దించుకుని మోకరిస్తే దూరేదని ఎన్ని ప్రసంగాల్లో వినలేదు? సెమినరీలో చదువుకుని వచ్చి కూడా మేమూ అదే చెప్పాం. ప్రభువు కాలంలో అలాంటి ద్వారం ఉన్నట్టు ఆధారం లేదు. నిజంగా ద్వారమే అయితే, ఇక ఎవరికి రక్షణ అని విన్నవాళ్లు కంగారుపడనక్కరలేదు. మనుషులకు అసాధ్యమైనది దేవునికి సాధ్యమని ప్రభువు చెప్పనూ అక్కరలేదు. ఎదుటివాడి పేరాశను ఎగతాళి చేస్తే నవ్వుతాం. అదే మాట మనకు తగిలితే సూదిబెజ్జాన్ని వెడల్పు చేసుకుంటాం.

ఇది మాకు ఒక కోతపండుగనాడు అర్థమైంది. వేలంలో ఒక పెద్దాయన గుమ్మడికాయను మూడు వేలకు పాడుకున్నారు. ఒకటే చప్పట్లు. మైకు మా చేతిలోనే ఉంది. ఆయన పేరు రెండుసార్లు చెప్పి, ముందు వరుసలో కుర్చీ వేయించాం. ఆ కాయను కానుకగా తెచ్చింది కూరగాయలు అమ్ముకునే ఒక తల్లి. ఆమె వెనుక చాప మీద కూర్చుంది. ఆమె పేరు మేము చెప్పలేదు.

మరునాడు సంతలో ఆమె కనబడి నవ్వుతూ అంది, "అయ్యగారూ, నిన్న మూడు వేలిచ్చిన బాబుగారు ఇందాక నా దగ్గర సొరకాయకి అయిదు రూపాయలు తగ్గించమని ఎంతసేపు బేరమాడారో! పాపం, ఇక్కడ మైకు లేదు గదండీ."

మేమూ నవ్వాం. ఇంటికి వచ్చాక ఆ నవ్వు ఆగిపోయింది. బేరమాడింది ఆయనే, కాని ఆయనకు మైకు రుచి చూపించింది మేము. బంగారు ఉంగరం పెట్టుకున్నవాడికి మంచి చోటు, దరిద్రుడికి పాదపీఠం దగ్గర చోటు చూపించేవాళ్లను యాకోబు గద్దించాడు (యాకోబు 2:2-4). ఆ గద్దింపు ధనవంతుడికి కాదు, కుర్చీ వేసినవాడికి. అప్పటినుంచి మా సంఘంలో ఎవరెంత ఇచ్చారో మైకులో చెప్పడం మానేశాం. మరుసటి సంవత్సరం వేలం సొమ్ము బాగా తగ్గింది. కమిటీలో మాటలు పడ్డాం. అయినా అదే సరి అని మా అభిప్రాయం. మైకు కోసం వచ్చే సొమ్ము కానుక కాదు, కొనుగోలు.

లూకా 18లో ఒంటె సంగతి చెప్పి, 19లో జక్కయ్యను చూపిస్తాడు. పొట్టివాడు, ధనవంతుడు. పెద్ద సుంకరి మేడిచెట్టెక్కి కూర్చుంటే యెరికో జనం నవ్వకుండా ఉంటారా? ఆయన నవ్వులపాలైనా చెట్టెక్కాడు, పిలవగానే సంతోషంగా దిగాడు. ఆస్తిలో సగం బీదలకు ఇస్తానన్నాడు, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగి ఇస్తానన్నాడు. ఎవరూ చప్పట్లు కొట్టినట్టు వ్రాయబడలేదు. ఒంటె సూదిబెజ్జంలో దూరిన రోజు అది. ప్రభువు బెజ్జాన్ని పెద్దది చేయలేదు, మనిషిని మార్చాడు.

ఈ వారం సంతకు వెళ్లినప్పుడు ఆ అయిదు రూపాయలు వదిలేద్దాం. అక్కడ మైకు ఉండదు, ప్రభువు ఉంటాడు. ఇక ఆ చిరుగు నోటంటారా, సోమవారం బ్యాంకులో మార్చుకోవచ్చు. ఆదివారం మంచి నోటే తీసుకువెళ్దాం.