తోహ్ఫా ఇచ్చాక ఇన్ని షర్తులా?

మా చెల్లెలికి హైదరాబాద్‌లో ఉద్యోగం. అమ్మీ, అబ్బాల నిఖా అయి యాభై ఏళ్లు నిండిన రోజున వాళ్ల చేతిలో ఒక లిఫాఫా పెట్టింది. లోపల భద్రాచలం వైపు ఒక హోటల్లో రెండు రాత్రులు ఉండటానికి గిఫ్ట్ సర్టిఫికెట్. అబ్బా జవానీ అంతా దుమ్ముగూడెం అడవుల్లో, తునికాకు కల్లాల్లోనే గడిచింది. ఆ గోదారిని ఒకసారి చూపిస్తానని అమ్మీకి ఎన్నేళ్ల నాటి వాదానో!

ఫోన్ చేస్తే ముందు "శని, ఆదివారాలు కుదరదు" అన్నారు. సోమవారం అడిగితే "పెళ్లిళ్ల బుకింగులున్నాయి" అన్నారు. శ్రీరామనవమి రోజుల్లో లేదంటే నేనూ ఒప్పుకున్నా. అప్పుడు భద్రాచలంలో గది దొరకడం ఎవరికైనా ముష్కిలే. వానాకాలంలో గోదారి 43 అడుగులకొచ్చి మొదటి ప్రమాద హెచ్చరిక పడితే మేమే ఆగాం. నీళ్లు తగ్గాక మళ్లీ అడిగాం. "మీ సర్టిఫికెట్ మియాద్ అయిపోయింది సార్!"

అనుమానమొచ్చి, అదే తారీఖుకు ఇంకో నంబర్ నుంచి డబ్బు కడతానని అడిగించా. గది ఉందట!

అంటే గది లేక కాదు, మన పైసలు ముందే వాళ్ల జేబులోకి పోయాయి గనక. ఆ కాగితం ఖైరాత్ కాదు, మా చెల్లెలి జీతం. వాళ్ల దగ్గర అమానత్.

బ్యాంకులు, వాలెట్ కంపెనీలు ఇచ్చే గిఫ్ట్ కార్డులకు రిజర్వ్ బ్యాంక్ 2021 నిబంధనల ప్రకారం కనీసం ఏడాది గడువుండాలి. హోటల్ తన గదుల కోసమే తాను ఇచ్చుకునే సర్టిఫికెట్‌కు ఆ నిబంధన వర్తించదు. అందుకే మాకు ఆరు నెలలే రాశారు, అదీ వెనకవైపు చీమల్లాంటి అక్షరాల్లో.

అయినా మన హక్ పోలేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో, కొన్నవాళ్లే కాదు, వాళ్ల రజామందీతో ఆ సేవ వాడుకునేవాళ్లూ వినియోగదారులే. కాబట్టి తోహ్ఫా అందుకున్న అమ్మీ కూడా ఫిర్యాద్ చేయొచ్చు. హోటల్ ఆఫీసు ఎక్కడున్నా, మనం ఉండే ఖమ్మంలోనే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చు. రెండేళ్లలోపు వేయాలి. కట్టిన సొమ్ము ఐదు లక్షల లోపైతే ఫీజు లేదు, వకీలు తప్పనిసరి కాదు. అంతకుముందు 1915కు ఫోన్ చేసి చూడొచ్చు. రసీదు, మెసేజీలు, ఫోన్ చేసిన తారీఖులు మాత్రం జాగ్రత్తగా దాచుకోండి.

నాకు ఎక్కువ బాధ కలిగింది ఇంకోచోట. ఇన్ని నెలలూ అమ్మీ ఈ సంగతి చెల్లెలికి చెప్పనివ్వలేదు. "బిడ్డ దిల్ నొచ్చుకుంటుంది, సబర్ చెయ్" అనేది. ఇచ్చినవాళ్లను అడగలేం, పుచ్చుకున్నవాళ్లు షరమ్‌తో నోరెత్తరు. ఈ ఖామోషీయే ఆ దుకాణాలకు లాభం. సబర్ మంచిదే, కానీ హక్ వదిలేసుకోవడం సబర్ కాదు.

మొన్న చెల్లెలికి అన్నీ చెప్పేశా. రసీదు పంపింది. ఫిర్యాద్ నేను రాస్తున్నా, అమ్మీ దస్తఖత్ చేస్తుంది.

అబ్బా మాత్రం "గోదారిని చూడటానికి కాగితమెందుకురా, బస్సెక్కుదాం" అంటున్నారు. ఇన్‌షా అల్లా, వచ్చే జుమా నమాజ్ అయ్యాక బయలుదేరుతున్నాం. ఫిర్యాద్ మాత్రం ఆగదు.